పారాలీగల్ విద్యార్థులకు సివిల్ ప్రొసీజర్ ఫైలు చేతికిచ్చి నేర్పండి: న్యాయ సేవాధికార సంస్థలకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ సేవాధికార సంస్థల పెద్దలకు, పారాలీగల్ కోర్సులు నడుపుతున్న కాలేజీల, యూనివర్సిటీల వారికి,

నమస్కారం. నేను పారాలీగల్ డిప్లొమా చదువుతున్నాను. పారాలీగల్ అంటే వకీలు కాకపోయినా, చట్టం సంగతులు తెలిసి జనానికి కోర్టు పనుల్లో దారి చూపే మనిషి. పగలంతా ఒక చిన్న ఊళ్లో అడ్వకేటు గారి ఆఫీసులో పని, ఇంటికొచ్చి వంట అయ్యాక చదువు. మా ఊళ్లో ఉన్నది జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, జనం మాత్రం ఇంకా మునసబు కోర్టనే అంటారు.

ఈ ఉత్తరం ఒక్క విషయం గురించే. సివిల్ కేసు ఎలా నడుస్తుందో మాకు నేర్పే పద్ధతి మార్చండి. సెక్షన్ నంబర్లు బట్టీ పట్టించే బదులు ఒక దావా ఫైలు మా ముందు పెట్టి, ఏ కాగితం ఎందుకు, ఏ తేదీ లోపు, ఏ బల్ల దగ్గర ఇవ్వాలో చూపిస్తూ నేర్పండి. ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానంటే, మా దగ్గరికి వచ్చే మనుషుల్లో చాలామందికి న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, అయినా ఓడిపోతారు. ఒక తేదీ దాటిపోయి ఉంటుంది, లేదంటే ఒక సంతకం ఉండాల్సిన చోట ఉండదు, లేదంటే ఇంటికొచ్చిన కవరు తీసుకోకుండా వెనక్కి పంపేసి ఉంటారు. అక్కడ వాళ్లకి అందాల్సిన మనిషి పారాలీగల్. ఆ మనిషికి మనం ఏం నేర్పుతున్నాం?

మాకిచ్చిన పుస్తకంలో సివిల్ ప్రొసీజర్ ఒక యూనిట్. 1908 నాటి చట్టం, 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు, 1976, 1999, 2002 సవరణలు, అన్నీ ఉన్నాయి. పరీక్షలో రెస్ జుడికాటా గురించి రాయమంటారు, రాస్తాం, మార్కులు వేస్తారు. అది తెలియక్కర్లేదని నేననను, ఒకసారి కోర్టులో తేలిపోయిన తగాదాని అదే మనుషుల మధ్య మళ్లీ తవ్వకూడదన్నది ఎవరికైనా తెలియాల్సిందే. కానీ ఆ యూనిట్ మొత్తం చదివి పాసైన విద్యార్థి ముందు ఒక ప్రామిసరీ నోటు పెట్టి, దీని మీద దావా వేయడానికి ఇంకా ఎన్ని రోజులుందో చెప్పమంటే తడుముకుంటాడు. సమన్లు చూపించి ఇందులో ఎవరు, ఏ రోజు, ఏ కోర్టుకి వెళ్లాలో చెప్పమన్నా అంతే. నా తోటి విద్యార్థులు తెలివి లేనివాళ్లు కాదు. వాళ్లకి ఎవరూ ఒక్క ఫైలైనా విప్పి చూపించలేదు.

ప్రామిసరీ నోటు సంగతే చెబుతాను, మన పల్లెల్లో సివిల్ తగాదాతో వచ్చే మామూలు మనిషి చేతిలో తరచూ కనిపించే కాగితం అదే కాబట్టి. మా ఆఫీసులో పెద్ద గుమాస్తా గారు ఉన్నారు. నోటు చేతికి రాగానే ఆయన ముందు దాన్ని వెనక్కి తిప్పుతారు. అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది తర్వాత. వెనక జమ, అంటే కొంత బాకీ కట్టినట్టు రాత, ఏమైనా ఉందా, ఏ తేదీన ఉంది, ఎవరి చేతిరాత, ఎవరి సంతకం, అదీ ఆయన చూసేది. అడగ్గానే ఇచ్చేస్తానని రాసిన నోటుకి 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. 2022 ఏప్రిల్ 18న రాసిన నోటుకి 2025 ఏప్రిల్ 18 ఆఖరి రోజు. ఆ రోజు గుడ్ ఫ్రైడే, కోర్టు సెలవు. అలాంటప్పుడు కోర్టు మళ్లీ తెరిచిన రోజున దావా వేయొచ్చు, ఆ రోజూ దాటితే నోటుకి కాలదోషం పట్టినట్టే. ఈలోపు బాకీదారు కొంత డబ్బు కట్టి, కట్టినట్టు తన చేత్తో రాసినా, వేరేవాళ్లు రాసిన దాని కింద తాను సంతకం పెట్టినా, కట్టిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క.

మా దగ్గరికి ఒకావిడ వచ్చింది. కౌలు చేసి కూడబెట్టిన డబ్బు చుట్టాలబ్బాయికి అప్పిచ్చింది. నోటు వెనక ఐదు వేలు ముట్టినట్టు ఉంది, తేదీ కూడా గడువు లోపలే ఉంది. కానీ ఆ రాత ఆవిడ కొడుకుది, కింద సంతకం ఆవిడది. కట్టినవాడి సంతకం లేదు. "డబ్బు తీసుకుంది నేనే గదయ్యా, రసీదు మీద తీసుకున్నోళ్లే గదా సంతకం పెట్టేది" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? రసీదు అంటే ఎక్కడైనా అంతే. నోటు వెనక జమకి మాత్రం చట్టం ఉల్టాగా అడుగుతుంది, కట్టినవాడి రాతో సంతకమో కావాలంటుంది. లిమిటేషన్ చట్టంలో 19వ సెక్షన్ ఇది. ఈ ఒక్క ముక్క ఆ ఊళ్లో ఎవరైనా పారాలీగల్ వాలంటీరు ఆ ఐదు వేలు కట్టిన రోజుల్లో చెప్పి ఉంటే ఆవిడ డబ్బు ఆవిడకి వచ్చే దారి ఉండేది. చెప్పాలంటే వాలంటీరుకి తెలిసుండాలి కదా. మా యూనిట్‌లో లిమిటేషన్ గురించి ఉన్నది ఒక పేరా, అందులో జమ మాటే లేదు. రెవెన్యూ స్టాంపు సంగతి కూడా లేదు. స్టాంపు డ్యూటీ తక్కువైన వేరే పత్రాలకి జరిమానా కట్టి సరిచేసుకునే దారి ఉంటుంది, స్టాంపు లేని ప్రామిసరీ నోటుకి ఆ దారీ లేదు, సాక్ష్యంలోకే రాదు. ఇది ఊరూరా చెప్పాల్సిన విషయం కాదా?

ఇంకొకటి సమన్లు. మన జనంలో బాగా పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది, కోర్టు కాగితం తీసుకోకపోతే కేసు ముందుకు కదలదని. కోర్టు కాగితాలు తెచ్చే అమీనా వస్తున్నాడని తెలిస్తే తలుపు గొళ్లెం పెట్టి పొలం పోతారు, పోస్టుమ్యాన్ వస్తే ఊళ్లో లేరని పిల్లలతో చెప్పిస్తారు. ఊళ్లో పెద్దమనుషులు కూడా అదే సలహా ఇస్తారు, అదీ నాకు బాధ. జరిగేది ఏమిటంటే, తీసుకోనంటే అమీనా సమన్లు తలుపుకి అంటించి, ఎవరి సమక్షంలో అంటించాడో రాసి రిపోర్టు ఇస్తాడు. రిజిస్టర్డ్ కవరు తిరస్కరించినట్టు రాసి వెనక్కొస్తే అందినట్టే అని కోర్టు ప్రకటించవచ్చు. మనిషి కావాలనే తప్పించుకుంటున్నాడనిపిస్తే పేపర్లో ప్రకటన వేయిస్తారు. తర్వాత వాయిదా నాడు కోర్టు హాల్లో పేరు పిలుస్తారు, పలికేవాళ్లుండరు, ఎక్స్‌పార్టీ (ప్రతివాది రాకుండానే నడిచే కేసు) అని రాస్తారు. వాది సాక్ష్యం ఇచ్చుకుంటాడు, డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, అయిపోతుంది. ప్రతివాదికి ఈ సంగతి తెలిసేది ఇంటి మీదకో పొలం మీదకో జప్తు వచ్చిన రోజున.

ఆ రోజు పరిగెత్తుకుంటూ వస్తారు. అప్పుడు పారాలీగల్ చేయగలిగింది చాలా ఉంది, రోజులు లెక్క పెట్టడం వస్తే. డిక్రీ ఇంకా కాకముందే తెలిసిందంటే, రాకపోవడానికి కారణం చూపించి ఎక్స్‌పార్టీ ఆర్డరు తీసేయమని అడగొచ్చు. డిక్రీ అయిపోతే రద్దు చేయమని పిటిషన్ వేయడానికి ఆ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు అసలు సరిగ్గా అందనే లేదంటే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, అందులో ఎందుకు ఆలస్యమైందో నమ్మదగ్గట్టు చెప్పాలి, ఆస్పత్రి చీటీయో బస్సు టికెట్టో ఏదో ఒక ఆధారం ఉండాలి. అంటే ఆ మనిషి మన దగ్గరికొచ్చిన నాడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న "నీకు ఈ సంగతి ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసింది" అన్నది. ఊరంతా తిరిగి ఓదార్పు మాటలు విని ఆఖరున వకీలు దగ్గరికి పోతే అప్పటికి నెల గడిచిపోతుంది.

సమన్లు తీసుకున్నవాళ్ల పరిస్థితీ అంత గొప్పగా ఏం లేదు. జవాబు దావాని, అంటే ప్రతివాది రాసిచ్చే సమాధానాన్ని, సమన్లు అందిన రోజు నుంచి 30 రోజుల్లో వేయాలి, కోర్టు కారణాలు రాసి 90 రోజుల దాకా పొడిగించవచ్చు. మామూలు దావాల్లో ఆ 90 దాటినా అరుదైన పరిస్థితుల్లో కోర్టు ఒప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. కమర్షియల్ దావాల్లో 120 రోజులు దాటితే ఇక తలుపు మూసినట్టే. మొదటి వాయిదాకి వెళ్లి హాజరు వేయించుకుంటే చాలు, మిగతాది జడ్జి గారు అడిగినప్పుడు చెబుదాంలే అనుకునేవాళ్లు ఎంతమందో. ఈ తేడా చెప్పడానికి లా డిగ్రీ అక్కర్లేదు.

అందుకే నేనడిగేది. ఒక పాత ఎక్స్‌పార్టీ ఫైలు, పేర్లు కొట్టేసి, మా చేతికివ్వండి. దావా కాపీ, సమన్లు, అమీనా రిపోర్టు, వెనక్కొచ్చిన కవరు, వాయిదా వాయిదాకి జరిగింది రాసే డాకెట్ షీటు, డిక్రీ అన్నీ ఉన్న ఫైలు. ఇచ్చి, ఈ ప్రతివాది ఇవాళ నీ దగ్గరికి వస్తే ఏ కాగితాలు తెమ్మంటావు, ఏ తేదీ లోపు వకీలు దగ్గరికి తీసుకెళ్తావు అని అడగండి. పరీక్ష అదే పెట్టండి. పుస్తకం చూసుకుని రాయమనండి కూడా, నాకు అభ్యంతరం లేదు, ఫైలు చదవడం రానివాడికి పుస్తకం పక్కనున్నా ఉపయోగం ఉండదు.

పార్టిషన్ దావాల, అంటే ఆస్తి పంపకం దావాల, దగ్గర ఇంకా వివరంగా చెప్పాలి. ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఉందని ఇప్పుడు మీరు నడిపే ప్రతి అవగాహన సదస్సులో చెబుతున్నారు, మంచిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లికాని కూతుళ్లకి 1985 సెప్టెంబరు 5 నుంచే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో హక్కు ఇచ్చారు, 2005లో దేశమంతటా హిందూ కుటుంబాల కూతుళ్లందరికీ వచ్చింది, తండ్రి ఆ చట్టం వచ్చే రోజుకి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. సదస్సులో ఇదంతా విని చప్పట్లు కొట్టిన అమ్మాయి మర్నాడు ధైర్యం చేసి ఒక అడుగు ముందుకేస్తే అడిగేవన్నీ ప్రొసీజర్ ప్రశ్నలే. దావా ఎవరెవరి మీద వేయాలి? గొడవ అన్నతోనే ఉంది కదా, అన్న మీద వేస్తే చాలనుకుంటుంది. చాలదు, వాటా ఉన్న ప్రతి ఒక్కరూ దావాలో ఉండాలి, తనతో సఖ్యంగా ఉన్న చెల్లెలు కూడా, చనిపోయిన తమ్ముడి భార్యా పిల్లలు కూడా. ఉండాల్సినవాళ్లని చేర్చకపోతే ఏళ్లు గడిచాక ఆ ఒక్క కారణం మీదే దావా కొట్టేయొచ్చు. కోర్టు ఫీజు ఎంత? ఆస్తి ఉమ్మడి అనుభవంలో ఉందంటే ఒక లెక్క, తనని పూర్తిగా బయటికి నెట్టేశారంటే వాటా విలువ మీద ఇంకో లెక్క. పొలం వివరం ఎలా రాయాలి? పాత దస్తావేజులో తూర్పున ఫలానా ఆయన పొలం అని ఉంటుంది, ఆయన పోయి కొడుకులు అమ్మేసి కొన్నవాళ్లు కూడా మారి ఉంటారు. సర్వే నంబరు సబ్‌డివిజన్ అయి ఉంటుంది. షెడ్యూలులో, అంటే దావాలో ఆస్తి వివరం రాసే చోట, హద్దులు తప్పు పడితే గెలిచిన తర్వాత కూడా ఆ డిక్రీ పట్టుకుని పొలంలో నిలబడి ఏ గట్టు దగ్గర గీత గీయాలో తెలియదు.

ఇక్కడ పారాలీగల్ చేయగలిగిన పని వకీలు కూడా మెచ్చుకుంటారు. వకీలు దగ్గరికి వెళ్లే ముందే అడంగల్, వన్ బీ, తెలంగాణలో అయితే పహాణీ, ఆస్తి మీద రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ, తండ్రి మరణ ధృవపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తెప్పించి, వంశవృక్షం ఒక కాగితం మీద గీసి, ఎవరు ఉన్నారు, ఎవరు పోయారు, పోయినవాళ్ల వారసులు ఎవరు, ఎక్కడుంటున్నారు, ఎవరికైనా మైనర్ పిల్లలున్నారా అని రాసి పెడితే సగం పని అయినట్టే. ఆ వంశవృక్షం గీయడం మాకు ఒక్క క్లాసులోనైనా నేర్పారా? లేదు.

పార్టిషన్ దావాలు ఏళ్ల తరబడి నడుస్తాయి కాబట్టి మధ్యలో మనుషులు చనిపోతారు. ఇది ఎవరూ మాట్లాడని విషయం. పార్టీల్లో ఒకరు చనిపోతే 90 రోజుల్లో వారసులని రికార్డులోకి తేవాలి, లేకపోతే వాళ్ల మేరకి దావా అబేట్ అవుతుంది (ఆగిపోయినట్టే). దాన్ని తీసేయమని అడగడానికి ఇంకో 60 రోజులు, ఆ పైన ఆలస్యానికి కారణం చెప్పుకుంటూ పోవడమే. పల్లెలో ఇంటి పెద్ద పోతే దినాలు, పెద్దకర్మ, అప్పులవాళ్లు, బీమా కాగితాలు, ఇన్నింటి మధ్య కోర్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది? వకీలు గారికి తెలియజేయాలన్నదే తట్టదు. ఊళ్లోనే ఉండే వాలంటీరు, ఫలానా ఇంటి దావా నడుస్తోందని తెలిసినవాడు, ఆ వారంలోనే గుర్తు చేస్తే ఎంత మేలు. పెద్ద పెద్ద సదస్సుల కన్నా ఇలాంటి చిన్న గుర్తుచేతలే ఎక్కువ కుటుంబాలని కాపాడతాయని నా నమ్మకం.

ఇక ప్రిలిమినరీ డిక్రీ వచ్చిందనగానే స్వీట్లు పంచుతారు. అది నీకు మూడో వంతు ఉందనో నాలుగో వంతు ఉందనో చెప్పే కాగితం, అంతే. పొలం మీద ఆ వంతు ఎక్కడుందో తేల్చాలంటే ఫైనల్ డిక్రీ దాకా వెళ్లాలి, అడ్వకేట్ కమిషనర్ వచ్చి సర్వేయరుతో కొలిపించాలి. ప్రిలిమినరీ డిక్రీ ఇచ్చాక మళ్లీ వేరే పిటిషన్ వస్తుందని చూడకుండా కోర్టులే తర్వాతి దశకి తీసుకెళ్లాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ డిక్రీ కాగితం బీరువాలో భద్రంగా పెట్టుకుని, కేసు గెలిచామని ఏళ్ల తరబడి చెప్పుకునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

డబ్బు డిక్రీలు కూడా అంతే. మన దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రీవీ కౌన్సిల్ 1872లోనే అంది. ఈపీలు, అంటే డిక్రీ అమలు చేయమని వేసే పిటిషన్లు, ఆరు నెలల్లో తేల్చేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంతవరకు మారిందో మీకే నాకన్నా బాగా తెలుసు. డిక్రీ అమలుకి 12 ఏళ్ల గడువుంది. ఎదుటివాడికి ఏ ఆస్తి ఉంది, జీతం ఎంత, బ్యాంకు ఖాతా ఎక్కడుంది, ఇవన్నీ డిక్రీదారే వెతికి చెప్పాలి, కోర్టు వెతికిపెట్టదు. డిక్రీ అమలు గురించిన ఈ ఆర్డర్ 21 ఒక్కదాన్లోనే వందకి పైగా రూల్సున్నాయి, మా సిలబస్‌లో మాత్రం అరపేజీ. ఈ నిష్పత్తి చూస్తేనే సిలబస్ రాసినవారు ఈపీ ఫైలు ఎన్నడూ పట్టలేదని అర్థమవుతుంది. కటువుగా అన్నాననుకుంటే మన్నించండి, కానీ వెనక్కి తీసుకోను.

మరి ఇదంతా ఎవరు నేర్పాలి? ఇక్కడే నా అసలు విన్నపం. కోర్టు గుమాస్తాల్ని, అడ్వకేట్ల దగ్గర ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తాల్ని క్లాసులకి పిలవండి. దావా ఎందుకు రిటర్న్ అవుతుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలియదు. వకాల్తా మీద స్టాంపు లేదని, వెరిఫికేషన్ కింద తేదీ వేయలేదని, పత్రాల జాబితాలో రాసిన ఒక కాగితం జత చేయలేదని, కాపీలు ప్రతివాదులకి సరిపడా లేవని, సమన్లు పంపడానికి కట్టాల్సిన బత్తా కట్టలేదని, ఇలా ఆబ్జెక్షన్లు రాసి ఫైలు వెనక్కిస్తారు. ఆ రాసిన ఆబ్జెక్షన్ చదివి సరిచేసి, ఇచ్చిన గడువు లోపల మళ్లీ పెట్టడం ఒక విద్య. మా పెద్ద గుమాస్తా గారు పెన్సిలుతో పక్కన టిక్కులు పెట్టుకుంటూ ఒక్కొక్కటి ఎలా సరిచేస్తారో చూస్తూ కూర్చుంటే, మా యూనిట్‌లో నాకు అర్థం కాని, దావా ఎలా రాయాలో చెప్పే ఆర్డర్ 7 మొత్తం అర్థమైపోయింది. ఆయన పదో తరగతి దాకా చదివారు. రిసోర్స్ పర్సన్ అన్న హోదాతో, గౌరవ వేతనంతో, కుర్చీ వేసి పిలవండి ఆయన లాంటివాళ్లని. ఇప్పటిదాకా మీ శిక్షణ కార్యక్రమాల ఆహ్వాన పత్రికల్లో జడ్జీలు, ప్రొఫెసర్లు, సీనియర్ అడ్వకేట్లు కనబడతారు, వాళ్లందరూ ఉండాల్సిందే, వాళ్ల పక్కన గుమాస్తా ఒకరు కనబడితే కోర్సు నాణ్యత తగ్గిపోదు.

పారాలీగల్స్‌కి ప్రొసీజర్ ఇంత లోతుగా నేర్పితే వాళ్లే వకీళ్లమని బయల్దేరతారేమో అన్న భయం కొంతమంది అడ్వకేట్లు నాతోనే అన్నారు. న్యాయమైన భయమే. 2009లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల పథకం తెచ్చినప్పుడే వాలంటీరు వకీలు కాదని స్పష్టంగా ఉంది, డబ్బు అడగకూడదన్నదీ ఉంది. కోర్టులో వాదించడం, దావా రాసి సంతకం పెట్టడం, గెలుస్తావని హామీ ఇవ్వడం మా పని కాదు. కానీ గడువు తెలియని పారాలీగలే ఎక్కువ ప్రమాదం. తెలియదు కాబట్టి "ఏం పర్లేదమ్మా, వచ్చే నెల చూద్దాం" అనేస్తాడు. తెలిసినవాడు "రేపే వకీలు దగ్గరికి పదండి" అంటాడు. ఎక్కడ ఆగాలో కూడా ఫైలు చూపిస్తూ నేర్పితేనే వస్తుంది.

ఉచిత న్యాయ సహాయం సంగతి కూడా ఇలాగే. 1987 చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ, ఇంకా కొందరికీ ఉచితంగా వకీలుని పెట్టాలి. ఆ సహాయం కోసం ఫోన్ చేయాల్సిన 15100 నంబరు గోడల మీద రాసి ఉంది. అయితే ఆ ఫారం నింపించడం, దరఖాస్తుకి ఏ కాగితాలు జతచేయాలో చెప్పడం, వకీలుని కేటాయించాక ఆ వకీలు గారిని కలిపించి వాయిదా తేదీ డైరీలో రాయించడం, ఇదంతా చేసేది ఎవరు? లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కొస్తుందని సంతోషంగా చెబుతాం. ఆ అవార్డు, అంటే రాజీ మీద ఇచ్చే తీర్పు, మీద అప్పీలు లేదన్న సంగతి కూడా అంతే గట్టిగా, సంతకానికి ముందు, వాళ్లకర్థమయ్యే మాటల్లో చెప్పాలి. అలా చెప్పడం మాకు ప్రాక్టీసు చేయించండి. ఒక విద్యార్థి రాజీకొచ్చిన రైతుగా కూర్చుంటే ఇంకొకరు చదివి వినిపించాలి. గంట పడుతుంది, అంతకు మించి ఖర్చు కూడా లేదు.

కేసు స్టేటస్ చూడటం కూడా నేర్పాల్సిన విషయమే. ప్రతి కేసుకీ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరుంటుంది, ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా, కిందటి ఆర్డరు కనిపిస్తాయి. చాలామంది కక్షిదారులకి తమ కేసుకి ఆ నంబరుందనే తెలియదు. వకీలు గారి ఆఫీసుకి ఫోన్ చేసి, ఎత్తకపోతే టెన్షన్ పడి, బస్సెక్కి వచ్చి, వాయిదా పడిందని తెలుసుకుని వెళ్తుంటారు. ఒక రోజు కూలీ పోతుంది. నంబరు ఒక చీటీ మీద రాసి వాళ్ల ఫోన్ కవరులో పెట్టి, వాళ్లింట్లో చదువుకున్న పిల్లకి ఒకసారి చూపిస్తే సరిపోతుంది.

పుస్తకాలు తెలుగులో కావాలి. అనువాదం చేసిన గ్రాంథిక భాషలో కాదు, మా కోర్టులో గుమాస్తాలు, వకీళ్లు, కక్షిదారులు మాట్లాడుకునే తెలుగులో. దావా, జవాబు దావా, వాయిదా, జప్తు, కాలదోషం, జమ, వకాల్తా, అమీనా, బత్తా, ఈ మాటలన్నీ మన దగ్గర ఉన్నాయి, డిక్రీ, సమన్లు, ఈపీ, ఐఏ, స్టే ఇంగ్లిషువే అయినా ఊళ్లో అందరికీ తెలుసు. 2023లో తెలంగాణ హైకోర్టే ఒక కుటుంబ ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు ఇచ్చింది. హైకోర్టు చేయగలిగిన పని మా డిప్లొమా పుస్తకం చేయలేదా?

పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. అన్ని జిల్లాల్లో ఒకేసారి అక్కర్లేదు. ఒక్క జిల్లాలో, ముగిసిపోయిన ఫైళ్లు నాలుగు రకాలవి తీసుకోండి: ఒక నోటు దావా, ఒక పార్టిషన్ దావా, అవతలివాళ్లని ఫలానా పని చేయకుండా ఆపమని అడిగే ఇంజంక్షన్ దావా ఒకటి, ఒక ఈపీ. పార్టీల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి కాపీలు తీయించండి. విద్యార్థుల్ని బ్యాచ్‌లుగా ఫైలింగ్ కౌంటరు దగ్గర, సమన్లు పంపే సెక్షన్ దగ్గర, కాపీయింగ్ సెక్షన్ దగ్గర కొన్ని రోజులు కూర్చోబెట్టండి. అడ్డం రాకుండా ఒక మూల కూర్చుని చూస్తాం. జిల్లా జడ్జి గారి అనుమతి ఉంటే ఇది కష్టమైన పని కాదు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి అధ్యక్షులు వారే కదా.

ఇంజంక్షన్ అన్నాను గనుక ఒక మాట. తగాదా పడ్డ గట్టు మీద కోర్టు తాత్కాలిక ఆర్డరు ఇస్తే, అవతలివాళ్లకి నోటీసు లేకుండా ఇచ్చిన ఆర్డరైతే, దావా కాపీ, పిటిషన్, పత్రాలు ఆ రోజే గానీ మర్నాడు గానీ అవతలివాళ్లకి పంపి, పంపినట్టు అఫిడవిట్ వేయాలి. ఆర్డరు చేతికొచ్చిన ఆనందంలో పట్టించుకోక, అదే కారణం మీద ఆర్డరు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఇలాంటివి పుస్తకంలో ఒక వాక్యం, ఫైలులో రెండు కాగితాలు. ఆ రెండు కాగితాలు చూస్తే జన్మలో మర్చిపోరు.

మా ఆఫీసు అడ్వకేటు గారితో మాట్లాడాను. కక్షిదారులు ఒప్పుకుంటే పాత ఫైళ్ల కాపీలు ఇవ్వడానికి ఆయన సిద్ధం. పేర్లు కొట్టేసి, పేజీ నంబర్లు వేసి, ఏ కాగితం ఏమిటో తెలుగులో ఒక్కో వాక్యం రాసి పెట్టే పని నేను చేస్తాను. మా పెద్ద గుమాస్తా గారు మొదటి క్లాసు చెప్పడానికి ఒప్పుకున్నారు. మీ దగ్గర్నుంచి ఒక అనుమతి కాగితం, ఒక గది కావాలి. కొత్త బ్యాచ్ అడ్మిషన్లు మొదలయ్యే లోపు జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పారాలీగల్ విద్యార్థిని